హాలోవీన్‌కి చిన్నపిల్లలతో వెళ్తున్నారా? క్యాండీ కన్నా ముందు రోడ్డు సంగతి చూసుకోండి

అక్టోబర్ 31న వచ్చే హాలోవీన్ సాయంత్రం అమెరికాలో పిల్లలు రకరకాల వేషాలు (కాస్ట్యూమ్‌లు) వేసుకుని, బకెట్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి క్యాండీ తెచ్చుకుంటారు. అక్టోబర్ సగం దాటిందంటే అమెరికాలో మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతుంటుంది: "క్యాండీలో డ్రగ్స్ కలుపుతున్నారట, పిల్లలు జాగ్రత్త." ఏ ఊళ్లో, ఎవరికి జరిగిందన్న వివరం మాత్రం ఉండదు. దాంతో అమ్మానాన్నల టెన్షన్ అంతా బకెట్లో పడే చాక్లెట్ల మీదే ఉంటుంది. పిల్లాడేమో నల్లటి డ్రాక్యులా బట్టలేసుకుని, మొహానికి మాస్కు తగిలించుకుని, ఆగి ఉన్న రెండు కార్ల సందులోంచి రోడ్డు మీదికి పరిగెడుతుంటాడు.

అసలు ప్రమాదం అక్కడుంది. 1975 నుంచి 2016 వరకు అమెరికాలో జరిగిన రోడ్డు ప్రమాదాల లెక్కలు తీసి, హాలోవీన్ సాయంత్రాలను దానికి వారం ముందు, వారం తర్వాత వచ్చే సాయంత్రాలతో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2019లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చింది. హాలోవీన్ సాయంత్రం కాలినడకన వెళ్లేవాళ్లు వాహనం ఢీకొని చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువని అందులో తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల విషయంలో అది దాదాపు పది రెట్లు. అందులోనూ సాయంత్రం ఆరు గంటల ప్రాంతం మరీ గడ్డు సమయం. ఆఫీసుల నుంచి ఇళ్లకొచ్చే కార్లు, అప్పుడే బయల్దేరే పిల్లలు, మసక వెలుతురు, అన్నీ ఆ వేళకే కలుస్తాయి.

అలాగని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టాల్సిన పని లేదు. లక్షల మంది పిల్లలు హాయిగా తిరిగొస్తారు. జాగ్రత్త ఎక్కడ అవసరమో అక్కడ పెడితే చాలు. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలున్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని, వారం ముందు నుంచి ఆ రాత్రి పడుకునేదాకా ఏం చేయాలో వరుసగా చెప్తాను.

వారం ముందు: ఎక్కడికి, ఎన్నింటికి

ముందు రూటు తేల్చుకోండి. సైడ్‌వాక్ (ఫుట్‌పాత్), వీధి దీపాలు ఉన్న సందులే ఎంచుకోండి. ఒకరోజు చీకటి పడే వేళ మీరొక్కరే ఆ రూటు నడిచి రండి. పగలు కనపడనివి అప్పుడు కనపడతాయి: ఎక్కడ లైటు వెలగడం లేదు, ఎక్కడ చెట్టు వేరు సైడ్‌వాక్ పలకను పైకి లేపింది, ఏ మలుపులో కార్లు స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా జారుకుంటున్నాయి. పెద్ద రోడ్డు దాటి అవతలి కమ్యూనిటీకి వెళ్తే ఫుల్ సైజు చాక్లెట్ బార్లు ఇస్తారని పిల్లలకు స్కూల్లోనే తెలిసిపోతుంది. ఐదేళ్ల పిల్లలతో ఆ పెద్ద రోడ్డు దాటడానికి అది చాలినంత కారణం కాదని నా అభిప్రాయం.

ఒక వీధిలో ముందు ఒక వైపు ఇళ్లన్నీ చూసుకుని, చివర్లో ఒక్కసారి దాటి, రెండో వైపు తిరిగి రావాలి. ఈ ఇంటికీ ఎదురింటికీ మార్చి మార్చి వెళ్తే పది ఇళ్లకు తొమ్మిదిసార్లు రోడ్డు దాటినట్టవుతుంది. మూడేళ్ల పిల్లకు పది పదిహేను ఇళ్లు చాలు. ఆ తర్వాత ఎలాగూ "ఎత్తుకో" అంటుంది.

ఇక టైము. 2007 నుంచి అమెరికాలో శీతాకాలం కోసం గడియారం గంట వెనక్కి తిప్పడం నవంబర్ మొదటి ఆదివారానికి మారింది కాబట్టి హాలోవీన్ నాడు వెలుతురు కొంచెం ఎక్కువసేపే ఉంటుంది. అయినా ఊరికో లెక్క. అక్టోబర్ 31న డాలస్‌లో సూర్యాస్తమయం ఆరున్నర దాటాక. న్యూజెర్సీలో ఆరు కాకముందే. ఐదేళ్ల లోపు పిల్లలుంటే డాలస్‌లో ఐదున్నరకు బయల్దేరి వెలుతురు ఉండగానే ముగించుకోవచ్చు. న్యూజెర్సీలో అయితే స్కూలు నుంచి రాగానే పాలో, ఏదన్నా తిండో పెట్టి కదలాల్సిందే. ఒహాయో, విస్కాన్సిన్ లాంటి చోట్ల చాలా ఊళ్లు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు అని అధికారికంగా ప్రకటిస్తాయి. మీ టౌన్ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. 2026లో హాలోవీన్ శనివారం పడింది. ఆఫీసు ట్రాఫిక్ ఉండదు గానీ పార్టీలు ఎక్కువ, తాగి బండెక్కేవాళ్లూ ఎక్కువే. చిన్నవాళ్లతో ఏడున్నర దాటాక బయట ఉండకపోవడం మంచిది.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు సాధారణంగా ఫ్రెండ్స్ ఉండే సబ్‌డివిజన్‌కు (విడి ఇళ్ల కాలనీకి) కారులో వెళ్తారు. వెళ్లండి, కానీ కారు వాళ్ల డ్రైవ్‌వేలో పెట్టేసి ఇక నడవండి. నాలుగిళ్లకోసారి కారెక్కించి దించడమంత ప్రమాదం ఇంకోటి లేదు. రెండు మూడేళ్ల పిల్లలకైతే స్కూళ్లు, చర్చిలు, కొన్ని గుళ్లు పార్కింగ్ లాట్లో పెట్టే ట్రంక్ ఆర్ ట్రీట్ (ఆగి ఉన్న కార్ల డిక్కీల్లోంచి క్యాండీ పంచడం) చాలా నయం. లాట్‌లో కార్లు తిరగకుండా మూసేస్తున్నారో లేదో ముందే కనుక్కోండి.

మూడు రోజుల ముందు: కాస్ట్యూమ్ వేసి నడిపించి చూడండి

కాస్ట్యూమ్‌ను ఆ రోజే పెట్టెలోంచి తీయడం చాలామందికి అలవాటు. మూడు రోజుల ముందే, ఆ రోజు వేసుకునే బూట్లతో సహా పూర్తిగా వేసి ఇంట్లో మెట్లు ఎక్కించి దించండి. కాళ్లకు అడ్డం పడుతుంటే అంచు చీలమండ పైకి మడిచి కుట్టేయండి. అమ్మ హైహీల్స్, నాన్న బూట్లు ఫొటో వరకే.

మాస్కు వద్దు. కళ్ల దగ్గర రెండు చిల్లులున్న మాస్కులోంచి ఎదురుగా ఉన్నది కనపడుతుంది గానీ పక్క నుంచి వచ్చే కారు కనపడదు. మొహానికి రంగు వేయండి. ఒకరోజు ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూసి, దద్దురు రాకపోతేనే మొహానికి వాడండి.

మన ఇళ్లలో ఇంకో ముచ్చట ఉంది. దసరాకు కుట్టించిన పట్టు పరికిణీతోనే రాణీ వేషం, పంచె, నెమలి పింఛంతో కృష్ణుడు, గద పట్టుకుని హనుమంతుడు. చూడటానికి బాగుంటాయి, డబ్బూ మిగులుతుంది. అయితే కొనే కాస్ట్యూమ్ మీద త్వరగా మంట అంటుకోని రకం అని లేబుల్ ఉందో లేదో చూడొచ్చు. మనం కుట్టించిన షిఫాన్ ఓణీకి ఆ లేబుల్ ఉండదు. గుమ్మం ముందు మెట్ల మీద అలంకరణగా చెక్కి పెట్టే గుమ్మడికాయలో నిజం కొవ్వొత్తి వెలుగుతుంటే, అది సరిగ్గా నాలుగేళ్ల పిల్ల పరికిణీ అంచు ఎత్తులో ఉంటుంది. ఓణీ వదిలేయండి, లేదా నడుముకు బిగించి పిన్ను పెట్టండి. కిరీటం కళ్ల మీదికి జారకుండా లోపల ఎలాస్టిక్ కుట్టండి. గద, కత్తి, విల్లు ఏదైనా మెత్తటి ఫోమ్‌దే ఉండాలి.

నలుపు బట్టలైతే రిఫ్లెక్టివ్ టేపు తప్పనిసరి. హార్డ్‌వేర్ షాపుల్లో చుట్టగా దొరుకుతుంది. వీపు మీద అడ్డంగా ఒక పట్టీ, బకెట్ చుట్టూ ఒకటి, బూట్ల మడమల మీద చెరొక ముక్క అంటించండి. కదిలే కాళ్ల మీది మెరుపు డ్రైవర్ కంట్లో తొందరగా పడుతుంది.

చలి ప్రాంతాల్లో ఒక సైజు పెద్దది కొని లోపల థర్మల్స్ వేయడమే దారి. మిన్నెసోటాలో 1991 హాలోవీన్ నాడు మొదలైన మంచు తుఫానును అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకో మాట: డైనోసార్ లాంటి ఉబ్బెత్తు కాస్ట్యూమ్‌తో పిల్లల్ని కార్ సీట్లో కూర్చోబెట్టకండి. బెల్టు వదులుగా ఉండిపోతుంది. దిగాక తొడగండి.

జేబులో, సంచిలో

పిల్లకొక చిన్న టార్చ్, మీకొకటి. ఫుల్ చార్జింగ్ ఉన్న ఫోన్, నీళ్లు, వైప్స్. ఎలర్జీ ఉన్న పిల్లలకు ఎపిపెన్ (తీవ్రమైన ఎలర్జీకి వెంటనే వేసే ఇంజెక్షన్). ఇంటి నుంచి బయల్దేరే ముందు పిల్లల ఫొటో ఒకటి ఆ కాస్ట్యూమ్‌లోనే తీసి పెట్టుకోండి, తప్పిపోతే చూపించడానికి.

మెరిసే ఉంగరాలు, లైటు కత్తుల్లో బటన్ బ్యాటరీలు ఉంటాయి. బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే ఆ బొమ్మ చిన్నపిల్ల చేతికివ్వకండి. ఆ బిళ్ల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏడాది దాటిన పిల్లలకు, అందుబాటులో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, గరిష్ఠంగా ఆరుసార్లు. తేనె కోసం ఆగడం మాత్రం వద్దు. చీకట్లో వెలిగే ప్లాస్టిక్ గొట్టం, గ్లో స్టిక్, కొరికేస్తే అంత భయపడక్కర్లేదు. నోరు మండుతుంది, చేదుగా ఉంటుంది. నోరు కడిగి నీళ్లు తాగించి విషం విషయంలో సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్‌కు ఫోన్ చేయండి: 1-800-222-1222. ఇరవై నాలుగు గంటలూ ఉచితం. నంబరు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి.

రోడ్డు మీద

పదేళ్ల లోపు పిల్లలకు వచ్చే కారు ఎంత దూరంలో, ఎంత వేగంలో ఉందో అంచనా కట్టడం సరిగా రాదు. ఎంత తెలివైన పిల్లయినా అంతే. కాబట్టి "చూసుకుని దాటు" అని చెప్తే సరిపోదు, చెయ్యి పట్టుకోవాలి. ఇద్దరు చిన్నవాళ్లకు కనీసం ఒక పెద్దవాళ్లు. పన్నెండేళ్లు నిండేదాకా పెద్దవాళ్లు వెంట ఉండాలన్నది అమెరికాలో పిల్లల భద్రత మీద పనిచేసేవాళ్లు సాధారణంగా చెప్పే మాట.

మన వాళ్లలో అసలు చిక్కు గుంపుతో వస్తుంది. నాలుగైదు కుటుంబాలు కలుస్తాయి, పది మంది పిల్లలు ముందు పరిగెడతారు, వెనక పెద్దవాళ్లు గ్రీన్ కార్డు తేదీల మీదో, ఇళ్ల రేట్ల మీదో మాటల్లో పడతారు. అందరూ చూస్తున్నారనుకుంటారు, ఎవరూ చూడరు. బయల్దేరే ముందే తేల్చుకోండి: ముందు ఒకరు, వెనక ఒకరు, మధ్యలో ఎవరు ఏ పిల్లల్ని చూస్తారో పేర్లతో సహా. "అన్నయ్యా, నువ్వు ఈ ముగ్గుర్నీ చూడు, నేను ఈ ఇద్దర్నీ" అని పైకి అనేస్తే పని జరుగుతుంది. ప్రతి వీధి చివరా ఆగి తలలు లెక్కపెట్టండి.

దాటడం మూల మీదే, వీధి దీపం కిందే. ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి వద్దు. డ్రైవర్ మిమ్మల్ని చూశాడని కళ్లు కలిశాకే అడుగు వేయండి. డ్రైవ్‌వేలను చాలామంది లెక్కలోకి తీసుకోరు. రివర్స్‌లో వచ్చే పెద్ద ఎస్‌యూవీ వెనక మూడడుగుల పిల్ల డ్రైవర్ అద్దంలో పడకపోవచ్చు. ప్రతి డ్రైవ్‌వే దగ్గరా ఒక్క క్షణం ఆగి, వెనక ఎర్ర లైటు, తెల్ల లైటు వెలుగుతున్నాయేమో చూడటం పిల్లలకు ఆటలా నేర్పించొచ్చు. ఎలక్ట్రిక్ కార్లు పెద్దగా చప్పుడు లేకుండా వస్తాయి, చెవులను నమ్ముకోవద్దు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య తోడు వెళ్తుంటే ఒక విషయం విడిగా చెప్పాలి. మన దగ్గర బళ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు మన తల అలవాటుగా ముందు కుడికి తిరుగుతుంది. అమెరికాలో దగ్గరి లేన్‌లో కారు ఎడమ నుంచి వస్తుంది. అరవై ఏళ్ల అలవాటు ఒక్క సాయంత్రంలో పోదు. అందుకని ఎడమ, కుడి, మళ్లీ ఎడమ చూడమని పగటి పూటే రెండుసార్లు నడిపించి చూపించండి. సైడ్‌వాక్ లేని చోట రోడ్డుకు ఎడమ అంచున, ఎదురుగా వచ్చే కార్లు కనపడేలా నడవాలి. మన ఊళ్లో దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇంకోటి, తాతయ్య ఫోన్లో ఇండియా సిమ్ ఉండి, ఇంట్లో వైఫై మీదే వాట్సాప్ నడుస్తుంటే, వీధిలోకి వెళ్లగానే ఆయన్ని అందుకునే దారి ఉండదు. ఆ సాయంత్రానికి ఇక్కడి నంబరున్న ఫోన్ ఒకటి ఆయన జేబులో పెట్టండి. వీలైతే వాళ్లిద్దర్నే పంపకుండా మీలో ఒకరు కూడా వెళ్లండి.

గుమ్మం దగ్గర

పోర్చ్ లైటు వెలుగుతుంటే రమ్మని, ఆరిపోయి ఉంటే రావద్దని. బెల్లు కొట్టడానికి ఆ ఒక్క లెక్క చాలు. లాన్ మీదుగా అడ్డం పడి వెళ్లనీయకండి. గాలి బొమ్మల వైర్లు, తాళ్లు, స్ప్రింక్లర్ తలలు చీకట్లో కనపడవు. దారి మీదే నడిపించండి.

చిన్నవాళ్లతో మీరూ గుమ్మం దాకా వెళ్లండి. కాస్త పెద్దవాళ్లయితే మెట్ల కింద కనపడేలా నిలబడండి. గడప దాటి లోపలికి వెళ్లేది లేదు, ఎవరు ఎంత ముద్దుగా పిలిచినా సరే. తలుపు తీయగానే కుక్క తోసుకొస్తే పరిగెత్తకుండా, అరవకుండా చేతులు దగ్గర పెట్టుకుని నిలబడమని ఇంట్లోనే చెప్పి ఉంచండి. మూర్ఛ ఉన్న పిల్లలుంటే టపటపా మెరిసే స్ట్రోబ్ లైట్లు పెట్టిన ఇళ్లను వదిలేయండి. భయపెట్టే అలంకరణ చూసి పిల్ల వెనక్కి తగ్గితే బలవంతం చేయొద్దు. భయపడ్డ పిల్ల ముందూ వెనకా చూడకుండా పరిగెత్తేది రోడ్డు వైపుకే.

విడిపోతే

మీ ఫోన్ నంబరు కాస్ట్యూమ్ లోపలి వైపు టేపు మీద రాసి అంటించండి. పేరు మాత్రం బయటికి కనపడేలా రాయకండి. పేరు పెట్టి పిలిచేవాళ్లను పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు. "అమ్మ కనపడకపోతే ఉన్నచోటే నిలబడు, పిల్లలతో ఉన్న ఇంకో అమ్మను అడుగు" అన్న రెండు మాటలు వాళ్లకు వచ్చేదాకా చెప్పించండి. ఐదేళ్లు దాటిన పిల్లకు మీ నంబరు కంఠతా రావాలి. పాటలా పాడిస్తే వారంలో వచ్చేస్తుంది.

క్యాండీ

ఏ పుట్టలో ఏ పాముందో అనుకోవడం సహజమే. కానీ ఈ భయం వెనక చరిత్ర చూస్తే పాము వేరే చోట కనపడుతుంది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన జోయెల్ బెస్ట్ దశాబ్దాల పాటు ఇలాంటి వార్తలన్నీ పోగేసి పరిశీలించారు. అపరిచితులు పంచిన మిఠాయి వల్ల ఒక్క పిల్లాడు చనిపోయినట్టు గానీ, తీవ్రంగా దెబ్బతిన్నట్టు గానీ ఆయనకు ఆధారం దొరకలేదు. హ్యూస్టన్ దగ్గర డీర్ పార్క్‌లో 1974లో సైనైడ్ కలిపిన క్యాండీ తిని ఎనిమిదేళ్ల పిల్లాడు నిజంగానే చనిపోయాడు. అయితే అది ఇచ్చింది ఇన్సూరెన్స్ డబ్బు కోసం కన్న తండ్రే. 1982లో షికాగోలో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో విషం కలిపిన ఘటన తర్వాత ఈ భయం ఇంకా ముదిరింది.

అయినా బకెట్ ఒకసారి చూడాలి, వేరే కారణాలకు. ఇంటికొచ్చేదాకా ఏదీ తినకూడదన్నది రూలు. అది నిలబడాలంటే బయల్దేరే ముందు కడుపునిండా అన్నం పెట్టండి.

నాలుగేళ్ల లోపు పిల్లలకు మొదటి శత్రువు గొంతుకు అడ్డం పడేవి: గట్టి క్యాండీ, బబుల్‌గమ్, పాప్‌కార్న్, పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, గుండ్రటి గమ్మీలు (జెల్లీలా సాగే మిఠాయిలు). వాళ్ల బకెట్లోంచి ఇవన్నీ తీసేయండి. ఏడాది దాటిన పిల్లకు గొంతులో ఇరుక్కుని మాట, దగ్గు రాకపోతే, ముందుకు వంచి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత బొడ్డుకు కొంచెం పైన లోపలికీ పైకీ ఐదు నొక్కులు, ఇలా మార్చి మార్చి చేస్తూ పక్కవాళ్లతో ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయించండి. ఇది చదివితే రాదు. ప్రాణాపాయంలో ప్రథమ చికిత్స నేర్పే సీపీఆర్ క్లాసుకు వెళ్లి చేత్తో చేసి నేర్చుకోండి.

ఎలర్జీ ఉంటే ప్రతి రేపర్ చదవాల్సిందే. చిన్న సైజు చాక్లెట్‌లో వాడే పదార్థాలు పెద్ద సైజుకు భిన్నంగా ఉండొచ్చు. రేపర్ మీద వివరం లేకపోతే పక్కన పెట్టేయండి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా లేబుల్ మీద తప్పక రాయాల్సిన ఎలర్జీ పదార్థాల్లో చేర్చారు, దాంతో అవి తొమ్మిదయ్యాయి. "ఇంట్లో జీడిపప్పు తింటాడు, ఏమీ కాలేదు" అన్నంత మాత్రాన పల్లీలు కూడా పడతాయని కాదు. గుమ్మం ముందు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ కనపడితే, ఆ ఇంట్లో తినేవి కాకుండా స్టిక్కర్లు, చిన్న బొమ్మలు కూడా ఇస్తారని గుర్తు. 2014లో దేశమంతా మొదలైన టీల్ పంప్‌కిన్ పద్ధతి ఇది. తిన్నాక ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఊపిరాడకపోవడం కనిపిస్తే ముందు ఎపిపెన్, వెంటనే 911. మామూలు ఎలర్జీ మందు బెనడ్రిల్ దానికి బదులు కాదు.

గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రాల్లో గంజాయి కలిపిన గమ్మీల సంగతి కొంచెం నిజం. ఎవరూ పనిగట్టుకుని అంత ఖరీదైనవి పంచరు గానీ, పెద్దవాళ్లు కొని ఇంట్లో పెట్టుకున్న ప్యాకెట్ పిల్లల చేతికి చిక్కడం జరుగుతుంటుంది. తెలిసిన బ్రాండ్‌లా ఉండి అక్షరాలు తేడాగా ఉన్నా, టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) అని రాసి ఉన్నా, విప్పి మళ్లీ మూసినట్టున్నా పారేయండి. ఇంట్లో చేసినవి తెలిసినవాళ్లు ఇస్తేనే తిననివ్వండి.

శాకాహారులకు ఒక చిన్న మాట: ఇక్కడి స్టార్‌బర్స్ట్, గమ్మీ బేర్స్, మార్ష్‌మాలో, క్యాండీ కార్న్‌లో సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. స్కిటిల్స్‌లో ఉండదు. పిల్లాడి ముందే ఏరి పారేసి ఏడిపించకుండా, వాడికి ఇష్టమైనదానితో మార్పిడి బేరం పెట్టండి.

మీ గుమ్మానికి వచ్చే పిల్లల కోసం

దారిలో సైకిళ్లు, పైపులు తీసేసి లైటు వేయండి. గుమ్మడికాయలో బ్యాటరీ కొవ్వొత్తి పెట్టండి. 2024లో హాలోవీన్, దీపావళి ఒకేరోజు వచ్చినప్పుడు చాలా తెలుగు ఇళ్ల ముందు ప్రమిదలు, గుమ్మడికాయలు పక్కపక్కనే వెలిగాయి. అలాంటి ఏడాది ప్రమిదలను పిల్లలు నిలబడే మెట్ల మీద కాకుండా కిటికీ అరుగు మీదో, కాస్త ఎత్తులోనో పెట్టండి. ఆ సాయంత్రం కారు తీయక తప్పకపోతే సబ్‌డివిజన్‌లో మెల్లగా పోనివ్వండి. ఒక పిల్లాడు రోడ్డు దాటాడంటే వెనక ఇంకొకడు ఉన్నాడనే అర్థం.

పడుకునే ముందు

మొహం రంగు కడిగేయండి, పళ్లు తోమించండి, గ్లో స్టిక్స్ చెత్తలో వేయండి. బకెట్ మాత్రం చేతికందని అల్మారాలో పైన పెట్టండి. 2026లో గడియారం గంట వెనక్కి తిరిగేది సరిగ్గా ఆ రాత్రే. రోజూ ఆరింటికి లేచే పిల్లాడు ఆదివారం ఐదింటికే లేచి కూర్చుంటాడు, మీరేమో ఇంకా నిద్రలో ఉంటారు.